రక్తం ఆపే మట్టి

అందరికీ నమస్కారం.

సైనిక పరిశోధన అనగానే మనకు గుర్తొచ్చేవి క్షిపణులు, ట్యాంకులు. నేను మాత్రం ఒక గుడ్డపట్టీతో మొదలుపెడతాను.

సకాలంలో సాయం అందితే బతికే క్షతగాత్రుల్లో, యుద్ధభూమిలో ఎక్కువమందిని బలితీసుకునేది రక్తస్రావమే. కాలికి తగిలితే పైన బిగించి కట్టొచ్చు. గజ్జల్లోనో చంకలోనో తగిలితే కట్టడానికి చోటే దొరకదు. పెద్ద రక్తనాళం తెగితే నిమిషాల్లో ప్రాణం పోతుంది. అలాంటి గాయాల కోసం ఇరవయ్యేళ్ల కిందట అమెరికా సైన్యం జియోలైట్ అనే ఖనిజపు గుళికలు వాడింది. రక్తంలోని నీటిని అవి పీల్చేస్తాయి, మిగిలింది త్వరగా గడ్డకడుతుంది. రక్తమైతే ఆగింది. కానీ నీటిని పీల్చేటప్పుడు పుట్టిన వేడికి చుట్టూ ఉన్న కండ కాలింది. ప్రాణం దక్కిన మనిషికి ఇంకో గాయం!

తర్వాత వచ్చింది కేయొలిన్. పింగాణీ పాత్రలు చేసే తెల్లమట్టే. దాన్ని పల్చటి గుడ్డకు పట్టిస్తారు. అది తగలగానే రక్తంలో పన్నెండో ఫ్యాక్టర్ అనే ప్రోటీన్ చురుకై, గడ్డకట్టే పని మొదలవుతుంది. వేడి పుట్టదు. పట్టీని గాయం లోపలికి వేళ్లతో కుక్కి, మూడు నిమిషాలు గట్టిగా అదిమి పట్టాలి. చీకటి, పక్కనే కాల్పులు, రక్తానికి జారిపోయే వేళ్లు. ఆ టెన్షన్‌లో ప్యాకెట్ చిరగకపోతే లోపల ఎంత గొప్ప మట్టి ఉన్నా వృథాయే. అందుకే ప్యాకెట్ ఎలా చిరగాలన్నది కూడా పరిశోధనే అంటాను. దాన్ని చిన్నపనిగా చూస్తే నాకు బాధేస్తుంది.

బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్లలో వాడే కెవ్లార్‌ది ఇంకో కథ. 1965లో డ్యూపాంట్ కంపెనీ రసాయన శాస్త్రవేత్త స్టెఫనీ క్వోలెక్ వెతుకుతున్నది టైర్లకు పనికొచ్చే తేలికైన దారం. ఆమెకు దక్కింది మజ్జిగలా పల్చగా, మసకగా ఉన్న ద్రావణం. యంత్రం రంధ్రాలు పూడుకుపోతాయని దాన్నుంచి దారం తీయడానికి టెక్నీషియన్ ఒప్పుకోలేదు. ఆమె పట్టుబట్టి ఒప్పించింది. అదే బరువున్న ఉక్కు కన్నా ఐదు రెట్లు బలమైన దారం అలా పుట్టింది.

ఇక జీవశాస్త్రం. ఇక్కడే నాకు భయం. జీవాయుధాలను, అంటే రోగాలు పుట్టించే సూక్ష్మజీవులతో చేసే ఆయుధాలను నిషేధించే ఒప్పందంపై 1972లో దేశాలు సంతకాలు మొదలుపెట్టాయి, 1975లో అది అమల్లోకి వచ్చింది. సోవియట్ యూనియన్ కూడా సంతకం చేసింది. 1979 ఏప్రిల్‌లో అదే దేశంలోని స్వెర్డ్‌లోవ్‌స్క్‌లో సైనిక కేంద్రం నుంచి ఆంత్రాక్స్ అనే ప్రాణాంతక వ్యాధిని కలిగించే బ్యాక్టీరియా బీజాలు గాల్లోకి లీకయ్యాయి. కనీసం 66 మంది చనిపోయారు. కలుషిత మాంసం వల్లేనని ప్రభుత్వం ఏళ్లతరబడి చెప్పింది. ఆ రోజు బాధితులు ఎక్కడెక్కడ ఉన్నారో తర్వాత శాస్త్రవేత్తలు మ్యాపులో గుర్తిస్తే, దాదాపు అందరూ గాలి వీచిన దిశలో ఒక సన్నటి పట్టీలో తేలారు. సైన్యమే కారణమని రష్యా 1992లో గానీ ఒప్పుకోలేదు.

ల్యాబుల్లోకి వెళ్లి తనిఖీ చేసే ఏర్పాటు ఆ ఒప్పందంలో ఈనాటికీ లేదు. దానికోసం జరిగిన చర్చలు 2001లో విఫలమయ్యాయి. టీకా చేయడానికైనా, ఆయుధం చేయడానికైనా సూక్ష్మజీవిని పెంచే ట్యాంకు ఒకటే కాబట్టి తనిఖీ కష్టమంటారు. నిజమే, కష్టమే. ట్యాంకు చెప్పలేని సంగతి దాని రికార్డులు, అక్కడ పనిచేసేవాళ్లు చెప్పగలరు. రేపు మీలో ఎవరైనా అలాంటి ల్యాబులో చేరితే, బయటి తనిఖీకి ఆ రికార్డులు చూపిస్తారా అని చేరే రోజే అడగండి.