ట్రాటర్-నామా మీద మన తగువు

అధ్యక్షులకు, గ్రంథాలయ కార్యవర్గానికి, లాలాగూడ నుంచి వచ్చిన ఆంగ్లో ఇండియన్ పెద్దలకు నమస్కారం. వందన సమర్పణ చివర్లో ఎలాగూ ఉంది కాబట్టి పొగడ్తలు అక్కడికి వదిలేద్దాం.

అలన్ సీలీ నవల ట్రాటర్-నామా 1988లో వచ్చింది. 1991లో ఇంగ్లీషుకి సాహిత్య అకాడెమీ పురస్కారం దానికే దక్కింది. లక్నోని నఖ్లౌ అని పిలుస్తూ, అక్కడి ఒక ఆంగ్లో ఇండియన్, అంటే ఐరోపా, భారతీయ రక్తాలు కలిసిన కుటుంబం ఏడు తరాల కథ చెబుతుంది. చదివినవాళ్ళు మాత్రం ఒక మాట మీద నిలబడరు. కడుపుబ్బ నవ్వామని కొందరు. వంద పేజీలకే మూసేశామని కొందరు. మా వాళ్ళను బఫూన్లను చేశాడని కోపం కొందరిది. ఏడు తరాల మగవాళ్ళు సరే, ఆ పిల్లల్ని కన్న తల్లులేరీ అని అడిగేవాళ్ళు ఇంకొందరు.

సాగదీశాడన్న ఫిర్యాదు మీద ఎక్కువసేపు నిలబడను. ఇది మొగలాయి దర్బారు చరిత్రల ఫక్కీలో రాసిన పుస్తకం. ఉత్తరాలు, పద్యాలు, వంటకాలు మధ్యమధ్య దూరుతుంటాయి. మను చరిత్రలో వర్ణన వచ్చి కథ ఆగిందని మనం పెద్దనతో తగువు పెట్టుకున్నామా? అసలు చిక్కు జాన్ మాస్టర్స్ భవానీ జంక్షన్‌తో వస్తుంది. 1954 నాటి ఆ నవల, ఏవా గార్డ్‌నర్ నటించిన 1956 సినిమా, ఆంగ్లో ఇండియన్ కథంటే రైల్వే కాలనీ, ఒక ప్రేమ గొడవ అని అలవాటు చేసి పెట్టాయి. ఆ ఆశతో దీన్ని తెరిస్తే విసుగు ఖాయం.

వెక్కిరింపు సంగతి అంత తేలిక కాదు. రచయితా ఆ సమాజం మనిషేగా అని సర్దిచెబుతారు. మనవాడు తిడితే నొప్పి ఉండదా? అయితే ఒకటి గమనించండి. కథ చెప్పే యూజీన్ సూక్ష్మచిత్రాలకు నకళ్ళు గీసి అమ్మే మనిషి. అలాంటివాడు రాసే వంశ చరిత్ర ఎంత అసలో మనమే తేల్చుకోవాలి. మూలపురుషుడు జస్టిన్ ట్రాటర్‌లో క్లాడ్ మార్టిన్ పోలికలున్నాయి. మార్టిన్ లియోన్‌లో పుట్టి, 1800లో లక్నోలో పోయిన ఫ్రెంచివాడు, లా మార్టినియర్ బడులకు ఆస్తి రాసిపెట్టినవాడు. ఆయనకు వారసుల్లేరు. నవల ఆ మనిషికి ఏడు తరాలు పుట్టించింది!

ఇక తల్లుల మాట. ఇక్కడ కాస్త దారి తప్పుతాను, అధ్యక్షులవారు గంట కొట్టకండి. 1791లో ఈస్టిండియా కంపెనీ, భారతీయ స్త్రీకి పుట్టిన కొడుకులకు తన పెద్ద కొలువుల తలుపులు మూసింది. 1795 నాటికి సైన్యంలో వాళ్ళకు మిగిలినవి డప్పు, వేణువు, బ్యాండు, గుర్రాలకు నాడాలు కొట్టే పని. అప్పుడు చూసింది తల్లిని. ఆంగ్లో ఇండియన్ అంటే ఎవరో చెప్పే రాజ్యాంగం 366(2) అధికరణం చూడండి: తండ్రి గానీ, తండ్రి వైపు మగ వరుసలో పూర్వీకుడెవరైనా గానీ ఐరోపా సంతతి అయి ఉండాలి. తల్లి ఐరోపా స్త్రీ, తండ్రి భారతీయుడు అయితే ఆ బిడ్డ లెక్కలోకి రాడు. ఇప్పుడు చూసింది తండ్రిని. ఉద్యోగం పోగొట్టడానికి తల్లి, గుర్తింపు ఇవ్వడానికి తండ్రి! 336వ అధికరణం కింద రైల్వే, కస్టమ్స్, తంతి తపాలా కొలువుల్లో ఇచ్చిన రక్షణ కూడా రెండేళ్ళకోసారి పదో వంతు చొప్పున తరిగి, పదేళ్ళకు ముగిసింది. 2020 జనవరిలో చట్టసభల్లో ఆంగ్లో ఇండియన్లకు ఉన్న నామినేటెడ్ స్థానాలూ పోయాయి, మన రెండు శాసనసభల్లో ఉన్నవాటితో సహా. లాలాగూడ పెద్దలకు ఇవి చరిత్ర పాఠాలు కావు, ఇంటి సంగతులు.

నా ఉద్దేశంలో ఈ నాలుగు అభిప్రాయాల్లో బలమైనది తల్లుల గురించి అడిగినవాళ్ళదే. తండ్రి వరుసనే వంశమనే చట్టం పోకడను నవల ఎగతాళి చేస్తుంది, నిజమే. కానీ ఆ ఎగతాళికి వాడుకున్న చట్రమూ అదే. ఖాళీలు కనిపిస్తాయి, నిండవు.

ఇప్పుడు చదివే పద్ధతి. 500 పైచిలుకు పేజీలు ఒక్క సమావేశంలో తేలవు, మూడు పెట్టుకోండి. ఒక తెల్లకాగితం మీద పైనుంచి కిందికి ఏడు గీతలు గీసి, ఒక్కో గీతకు ఎడమన తండ్రి పేరు, కుడిన తల్లి పేరు రాస్తూ పొండి. పేర్లు కలగాపులగమయ్యేది ఇది చేయకపోవడం వల్లే. కుడి పక్క ఎక్కడ తడుముకున్నారో అక్కడ పేజీ నంబరు వేయండి. చర్చ నడిపేవారు "నచ్చిందా?" అని మొదలుపెట్టొద్దు. గది రెండు ముక్కలై, అరగంట అక్కడే పోతుంది. "ఎక్కడ ఆపేశారు?" అని అడగండి. ఆపేసిన పేజీలు వరుసగా రాస్తే ఎక్కువమంది ఒకటి రెండు చోట్లే ఆగినట్టు తేలవచ్చు. ఆ చోట్లు పైకి చదివి, అప్పుడు వాదించుకోండి. పూర్తిచేయనివాళ్ళను బయటికి పంపకండి, వాళ్ళు ఆగిన చోటే మనకు కావాలి.

వచ్చే సమావేశానికి మొదటి మూడోవంతు చదివి, కాగితంతో రండి. లాలాగూడ వారు తమ ఇళ్ళలోని కుడి పక్క పేర్లు కూడా రాసి తెస్తానంటే ముందు పావుగంట వారిదే.