ట్రియో 650తో మళ్లీ రెండు నెలలు: ఏం వదులుకున్నాను, ఏం దక్కింది

నమస్కారం అండీ. నా చేతిలో ఉన్నదాన్ని ఒకసారి దగ్గరగా చూపిస్తాను. పైన పొట్టి యాంటెన్నా, మధ్యలో చదరంగా స్క్రీన్, కింద బుల్లి కీబోర్డు, వెనకాల గీసుకునే పుల్ల. పామ్‌వన్ ట్రియో 650. 2004 చివర్లో వచ్చింది. ఐఫోన్ 2007లో వచ్చింది, మొదటి ఆండ్రాయిడ్ ఫోన్ 2008లో. వాటికంటే ముందే డైరీ, మెయిల్, బ్రౌజర్, కెమెరా అన్నీ ఉన్న జేబు కంప్యూటర్‌ని ఫోన్‌తో కలిపేసిన వస్తువు ఇది.

నేను దీన్ని 2006లో అబిడ్స్ జగదీష్ మార్కెట్‌లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. "భయ్యా, ఇది ఫోన్ కాదు, కంప్యూటర్" అని చెప్పి అమ్మాడు. మూడేళ్లు వాడి బీరువాలో పెట్టేశాను. ఈమధ్య సామాను సర్దుతుంటే బయటపడింది. కాల్స్‌కి, మెసేజ్‌లకి, డైరీకి రెండు నెలలుగా దీన్నే వాడుతున్నాను. యూపీఐకి, క్యాబ్‌కి మాత్రం ఇప్పటి ఫోన్ బ్యాగులో ఉంది. అది లేకుండా హైదరాబాద్‌లో రోజు గడవదు, ఆ మాట ముందే చెప్పేస్తున్నాను.

ముందు మెమరీ సంగతి చెప్పాలి, ఎందుకంటే ఈ ఫోన్ కథ అంతా అందులోనే ఉంది. దీనికంటే ముందు వచ్చిన ట్రియో 600లో మన డేటా అంతా ర్యామ్‌లో ఉండేది. బ్యాటరీ పూర్తిగా అయిపోతే నంబర్లు, అపాయింట్‌మెంట్లు, నోట్స్ మొత్తం పోయినట్టే. అందుకే రోజూ కేబుల్ పెట్టి హాట్‌సింక్ బటన్ నొక్కి కంప్యూటర్‌లోకి కాపీ చేసుకునేవాళ్లు. 650లో దాన్ని ఫ్లాష్ మెమరీకి మార్చారు. బ్యాటరీ తీసేసినా డేటా పోదు. కానీ ఊరికే రాలేదు ఆ భద్రత. ఉన్నదే 32 ఎంబీ, మన చేతికి వచ్చేది సుమారు 23. పైగా కొత్త పద్ధతిలో చిన్న చిన్న రికార్డులు కూడా మునుపటికంటే ఎక్కువ చోటు తినేవి. పాత ఫోన్‌లో హాయిగా పట్టిన డేటా ఇందులో పట్టలేదని జనం గోల పెడితే, కంపెనీ 128 ఎంబీ ఎస్‌డీ కార్డు ఉచితంగా ఇచ్చింది.

అప్పట్లో నాకూ ఆ చోటు చాలక విసుగొచ్చేది. ఇప్పుడు చూడండి ఏమైందో. పదేళ్లకు పైగా బీరువాలో, బ్యాటరీ చచ్చిపోయి పడుంది. కొత్త బ్యాటరీ వేసి ఆన్ చేశాను. తేదీ ఒక్కటి మళ్లీ పెట్టుకోవాల్సి వచ్చింది. మిగతాదంతా ఉంది. 2008లో నాన్నగారి కంటి ఆపరేషన్ రోజు, ఉదయం ఎన్నింటికి బయల్దేరాలో, ఏ రిపోర్టులు పట్టుకెళ్లాలో నేను రాసుకున్న నోట్ ఉంది. కాసేపు అలా చూస్తూ కూర్చున్నాను. నా దృష్టిలో ఆ బేరం పూర్తిగా మనకే లాభం.

బ్యాటరీ అన్నాను కదా, ఒక జాగ్రత్త. మొదట ఒక షాపులో తీసుకున్న బ్యాటరీ వారంలో ఉబ్బిపోయింది. వెనక మూత సరిగ్గా పడకపోతే వెంటనే తీసేయండి, ఛార్జింగ్ పెట్టొద్దు. ఈ ఫోన్ అసలు బ్యాటరీ 1800 ఎంఏహెచ్, చేత్తో తీసి మార్చుకోవచ్చు. ఆ ఒక్క సౌకర్యం వల్లే ఈ వీడియో చేయగలుగుతున్నాను. మూత అంటించేసిన ఫోన్ అయితే నేను ఆ పని ఇంట్లో చేయలేను.

ఇక వాడకం. 178 గ్రాముల బరువు, మందం కూడా ఎక్కువే, చొక్కా జేబులో ఉంటే తెలుస్తూనే ఉంటుంది. కీబోర్డు సగం చోటు తినేసింది కాబట్టి స్క్రీన్ చిన్నది, 320కి 320. కానీ బేగంపేటలో ఎంఎంటీఎస్ లోకల్ రైలు ఎక్కి, ఒక చేత్తో పైన పట్టుకుని నిలబడి, రెండో చేతి బొటనవేలితో హైటెక్ సిటీ వచ్చేలోపు రెండు మెసేజ్‌లు, ఒక అపాయింట్‌మెంట్ రాసేవాణ్ని. ఇప్పుడూ రాయగలుగుతున్నాను. పేరు మొదటి అక్షరం, ఇంటిపేరు మొదటి అక్షరం కొడితే మనిషి దొరుకుతాడు. పైన ఈ మీట చూడండి, పక్కకి జరిపితే సైలెంట్. మీటింగ్‌లో జేబులో చెయ్యి పెట్టి తడిమితే చాలు, ఫోన్ బయటికి తీయక్కర్లేదు.

ఈ శ్రద్ధ ఎక్కడిదంటే, పామ్ పైలట్ అనే జేబు కంప్యూటర్ తయారు చేసేముందు, పామ్ కంపెనీ పెట్టిన జెఫ్ హాకిన్స్ ఒక చెక్క ముక్కని ఆ సైజులో చెక్కి జేబులో వేసుకుని తిరిగాడు. ఆయన తర్వాత పెట్టిన హ్యాండ్‌స్ప్రింగ్ కంపెనీలోనే ట్రియో పుట్టింది.

లోట్లు చెప్తాను. వైఫై లేదు. కెమెరా వీజీఏ, 0.3 మెగాపిక్సెల్, పగటి వెలుతురులో కూడా అంతంతమాత్రం. ఒకసారికి ఒకటే యాప్. బ్రౌజర్‌లో పేజీ వస్తుండగా డైరీలోకి వెళ్తే ఆ పేజీ అక్కడితో ఆగిపోతుంది. కాల్‌లో ఉంటే నెట్ ఉండదు. ఇప్పటి వెబ్‌సైట్ల సెక్యూరిటీ పద్ధతులు దీనికి తెలియవు కాబట్టి దాదాపు ఏవీ తెరుచుకోవు. జియో సిమ్ పనిచేయదు, వాళ్లకి 2జీ లేదు. ఎయిర్‌టెల్ 3జీ ఆపేసినా 2జీ ఉంచింది కాబట్టి కాల్స్ వెళ్తున్నాయి. నానో సిమ్‌కి అడాప్టర్ కావాలి.

వీటన్నిటికీ సర్దుకున్నాను. ఒక్కదానికి మాత్రం సర్దుకోలేకపోయాను. ఈ ఫోన్‌ని నడిపే పామ్ ఓఎస్‌లో యూనికోడ్, అంటే అన్ని భాషల అక్షరాలకీ చోటిచ్చే పద్ధతి, లేదు. కాబట్టి తెలుగు లేదు. 2006లో అందరం ఇంగ్లీషు అక్షరాల్లోనే తెలుగు కొట్టేవాళ్లం, కాబట్టి తెలియలేదు. ఇప్పుడు మా అమ్మ చక్కగా తెలుగులో మెసేజ్ పెడుతుంది. మొన్న ఆవిడ పంపింది ఇందులో ఒక్క అక్షరం చదవలేకపోయాను. ఫోన్ చేసి అడిగితే, "మాగాయకి ముక్కలు ఎండబెట్టాను, వచ్చేటప్పుడు నువ్వుల నూనె పట్రమ్మన్నాను రా" అంది. డెబ్భై ఏళ్ల మనిషి కష్టపడి తన భాషలో టైప్ చేస్తే చదవలేని ఫోన్‌ని రోజూ వాడమని నేను ఎవరికీ చెప్పను. సరదాకి, కీబోర్డు మీద ఇష్టానికి కొనుక్కోండి, తప్పులేదు.

మీ ఇంట్లో పాతది ఉంటే మాత్రం పారేయకండి. బ్యాటరీ బయటికి తీసి విడిగా ఉంచండి. ఆన్ అయితే లోపల ఉన్న నోట్స్, నంబర్లు కాగితం మీదైనా ఎక్కించుకోండి. నేను డైరీ మొత్తం రాసుకుంటున్నాను, ఇంకా 2007 దగ్గరే ఉన్నాను.

అమ్మ పుట్టినరోజు ఏటా గుర్తు చేయమని కొన్న కొత్తలోనే ఇందులో పెట్టాను. పామ్ క్యాలెండర్ 2031 డిసెంబర్ దాకా వెళ్తుంది. పోయిన వారం పొద్దున్నే ఏడింటికి అలారం మోగింది.