ఎఫ్-150నా, సిల్వరాడోనా? ముందు డోర్ తెరిచి స్టిక్కర్ చదవండి

[డీలర్ లాట్‌లో రెండు ట్రక్కులు పక్కపక్కన]

నమస్తే అండీ. అమెరికాలో డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉండే మా తమ్ముడు, అంటే మా బాబాయి కొడుకు, క్యాంపర్ ట్రైలర్ ఒకటి కొన్నాడు, అంటే బండి వెనక తగిలించుకునే చక్రాల ఇల్లు, దాన్ని లాగడానికి ఇప్పుడు ట్రక్కు కావాలి. ఫోన్ చేసి, "అన్నయ్యా, ఫోర్డ్ ఎఫ్-150 తీసుకోనా, షెవీ సిల్వరాడో తీసుకోనా? ఎఫ్-150 13,500 పౌండ్లు లాగుతుందట, మన ట్రైలర్ నిండా సామాను పెట్టినా 7,000 దాటదు, ఇంక ఆలోచించేదేముంది" అన్నాడు. ఆలోచించాల్సింది అక్కడే ఉంది, అందుకే ఈ వీడియో.

ఊళ్లో నుంచి చూస్తున్నవాళ్లకి ఒక్క మాట. మనకి పికప్ అంటే టమాటా ట్రేలు మోసే బొలెరో. ఇక్కడ టెక్సాస్‌లో అది ఇంటిల్లిపాదీ తిరిగే బండి కూడా, పొడవు 19 అడుగుల పైనే. గ్యారేజ్ 20 అడుగుల లోతుంటే ముందు గోడకి, వెనక తలుపుకి మధ్య మిగిలేది జానెడు, కాబట్టి కొనేముందు టేపు పెట్టి కొలుచుకోండి. ఈ విషయంలో రెండు బండ్లకీ తేడా లేనట్టే.

[డ్రైవర్ డోర్ తెరిచి, స్టిక్కర్ దగ్గరగా]

ఆ 13,500 అబద్ధం కాదు. కానీ అది 3.5 లీటర్ల ఎకోబూస్ట్ ఇంజిన్, దానికి తగ్గ యాక్సిల్, ట్రైలర్ లాగడానికి ఇచ్చే టోయింగ్ ప్యాకేజీ అన్నీ కుదిరిన బండి లెక్క. మీరు కొనబోయే బండి లెక్క ఇదిగో, డ్రైవర్ డోర్ తెరిస్తే పక్క స్తంభం మీద పసుపు పట్టీతో చిన్న స్టిక్కర్ ఉంటుంది. మనుషులు, సామాను కలిపి ఇన్ని పౌండ్లు దాటకూడదని రాసి ఉంటుంది, అదే పేలోడ్. ఒకే మోడల్, ఒకే రంగు బండ్లు పక్కపక్కన ఉన్నా ఈ నంబర్ వేరుగా ఉంటుంది, ఎందుకంటే పెద్ద సన్‌రూఫ్, ఫోర్ వీల్ డ్రైవ్, కరెంటుతో దిగే ఫుట్‌బోర్డులు, హైబ్రిడ్ బ్యాటరీ, ఇవన్నీ బండి సొంత బరువులో చేరిపోయి మనం వేసుకునే బరువుని తినేస్తాయి.

మా తమ్ముడు మనసు పడ్డ ఎఫ్-150 బాగా ఖరీదైన ట్రిమ్ (ట్రిమ్ అంటే ఒకే మోడల్‌లో హంగుల స్థాయి), హైబ్రిడ్, స్టిక్కర్ మీద 1,480 పౌండ్లు, అంటే దాదాపు 670 కిలోలు. లెక్క వేద్దాం. ట్రైలర్ బరువంతా దాని చక్రాల మీదే ఉండదు, ముందు భాగం మన ట్రక్కు వెనక ట్రైలర్ తగిలించే హిచ్ మీద కూర్చుంటుంది, దాన్ని టంగ్ వెయిట్ అంటారు. ఇలాంటి ట్రైలర్‌కి అది మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలి, తక్కువైతే హైవే మీద ట్రైలర్ తోక ఊపుతుంది, అది చాలా ప్రమాదం. 7,000కి 13 శాతం వేసుకుంటే 910. వాడు, మరదలు, ఇద్దరు పిల్లలు, కార్ సీట్లు కలిపి 500. హిచ్ సామాను 100. మొత్తం 1,510. ఐస్‌బాక్స్, సైకిళ్లు ఇంకా ఎక్కించనే లేదు, అప్పుడే 30 పౌండ్లు ఎక్కువ! 13,500 లాగే బండి పేరు చెప్పుకుని 7,000 దగ్గరే ఆగిపోయాం. సిల్వరాడోలో కూడా ఇదే కథ, పై ట్రిమ్‌కి వెళ్లేకొద్దీ మోసే బరువు తగ్గుతుంది.

[అయస్కాంతం బండికి అంటిస్తూ]

ఇప్పుడు తేడాల సంగతి. ఫ్రిజ్ మీద పెట్టుకునే అయస్కాంతం ఇది. ఎఫ్-150 డోర్‌కి పెడితే జారి కింద పడుతుంది, వెనక సామాను వేసే తొట్టి, అంటే బెడ్, దాని గోడకి పెట్టినా అంతే, ఎందుకంటే 2015 మోడల్ నుంచి దాని బాడీ అల్యూమినియం, కింద ఫ్రేమ్ మాత్రం స్టీలు. సిల్వరాడో డోర్ కూడా అల్యూమినియమే, 2019 నుంచి డోర్లు, బానెట్, టెయిల్‌గేట్ అలా మార్చారు, కానీ బెడ్ స్టీలు, అక్కడ టక్కున అతుక్కుంటుంది. దీంతో మనకేం పని అంటే, డాలస్ చుట్టుపక్కల ఏటా వడగళ్లు పడతాయి, అల్యూమినియం మీద సొట్టలు తీయడానికి షాపువాళ్లు ఎక్కువ తీసుకుంటారు. బండి బయట పెట్టేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. బెడ్‌లో పట్టే సామాను చూస్తే సిల్వరాడోదే పైచేయి, చిన్న బెడ్‌లోనే దాదాపు 63 ఘనపుటడుగులు, ఎఫ్-150 చిన్న బెడ్‌లో 53 లోపు. వినాయక చవితికి విగ్రహం, పందిరి కర్రలు, కుర్చీలు ఒకే ట్రిప్పులో తెచ్చినవాళ్లకి ఆ పది ఘనపుటడుగుల విలువ తెలుసు.

ఇంజిన్ల విషయంలో నా అభిప్రాయం సూటిగా చెప్తాను. సిల్వరాడో 6.2 లీటర్ల వీ8 నడపడానికి చాలా బాగుంటుంది, కానీ 2025 ఏప్రిల్‌లో షెవీ కంపెనీ జనరల్ మోటార్స్ 2021 నుంచి 2024 వరకు ఆ ఇంజిన్‌తో వచ్చిన దాదాపు 6 లక్షల ట్రక్కుల్ని, ఎస్‌యూవీల్ని అమెరికాలో రీకాల్ చేసింది, క్రాంక్‌షాఫ్ట్, కనెక్టింగ్ రాడ్ లోపాల వల్ల ఇంజిన్ పాడయ్యే ప్రమాదం ఉందని. పాత బండి చూస్తుంటే విన్ నంబర్‌తో, అంటే ఒక్కో బండికి ఉండే గుర్తింపు నంబర్‌తో, రీకాల్ పని అయిందో లేదో ముందు చూసుకోండి. ఫోర్డ్ వైపు కూడా అలాంటిదే ఒకటుంది, 2017 నుంచి 2020 మధ్య 3.5 ఎకోబూస్ట్ కొంటుంటే పొద్దున్నే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు వెళ్లి స్టార్ట్ చేయించండి, మొదటి రెండు సెకన్లు గలగలమని చప్పుడొస్తే అది క్యామ్ ఫేజర్ అనే ఇంజిన్ భాగంలో లోపం, రిపేరు ఖర్చు గట్టిగానే ఉంటుంది. సేల్స్‌మన్ మనం వచ్చేలోపే వేడి చేసి పెడితే ఆ చప్పుడు వినపడదు, బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. ఎప్పుడూ హైవే మీద దూరాలు వెళ్లేవాళ్లయితే సిల్వరాడో 3.0 లీటర్ల డీజిల్ నాకు చాలా ఇష్టం, లాగే బలం 495 పౌండ్-ఫీట్, మైలేజీ కూడా బాగుంటుంది.

[ఎఫ్-150 బెడ్‌లో ప్లగ్గులు]

ఒక్క విషయంలో మాత్రం ఎఫ్-150 హైబ్రిడ్‌కి సిల్వరాడో పెట్రోల్, డీజిల్ బండ్లలో పోటీ లేదు. 2021 ఫిబ్రవరి చలి తుఫాను ఇక్కడున్న మనందరికీ గుర్తుంది. ఇంట్లో కరెంటు లేదు, అమ్మ రెండు దుప్పట్లు కప్పుకుని కూర్చుంది, బాల్కనీలో కరివేపాకు చెట్టు నల్లబడిపోయింది. ఈ బండి బెడ్‌లో 7.2 కిలోవాట్ల వరకు ఇచ్చే ప్లగ్గులు దొరుకుతాయి, ఫ్రిజ్, హీటర్, లైట్లు నడుస్తాయి, ఆ తుఫానులో ఫోర్డ్ కంపెనీయే ఇలాంటి బండ్లను జనానికి వాడుకోవడానికి ఇవ్వమని టెక్సాస్ డీలర్లను అడిగింది. కానీ దయచేసి వినండి, గ్యారేజ్ లోపల మాత్రం నడపకండి, తలుపు తెరిచి ఉన్నా సరే. ఆ తుఫానులో కార్బన్ మోనాక్సైడ్‌తో ప్రాణాలు పోయాయి. ఇంటి వైరింగ్‌కి కలపాలంటే బండి కరెంటు, లైను కరెంటు కలవకుండా ఆపే ట్రాన్స్‌ఫర్ స్విచ్ ఎలక్ట్రీషియన్‌తో పెట్టించుకోండి.

మరి తమ్ముడు ఏం తీసుకున్నాడు? హైబ్రిడ్ వదిలేశాడు, సన్‌రూఫ్ వదిలేశాడు, ఎఫ్-150లోనే మధ్య ట్రిమ్, 3.5 ఎకోబూస్ట్, స్టిక్కర్ మీద 1,840. సాధారణ ఫుట్‌బోర్డులు మాత్రం పెట్టించాడు, మా పిన్ని చీరతో ఎక్కాలి కదా. ట్రైలర్ లేకపోతే నేనైతే సిల్వరాడో డీజిల్ తీసుకోమనేవాణ్ణి. లేక్ టెక్సోమాకి మొదటిసారి వెళ్లినప్పుడు దారిలో ట్రక్ స్టాప్‌లో కాటా మీద పెట్టి తూకం వేయించాం, ఏ యాక్సిల్ మీదా పరిమితి దాటలేదు, ఆ చీటీ వాడు డాష్‌బోర్డులో దాచుకున్నాడు.

మీరు చూస్తున్న బండి డోర్ స్టిక్కర్ మీద నంబర్, ట్రైలర్ బరువు, ఎంతమంది ఎక్కుతారో కామెంట్లో పెట్టండి, లెక్క వేసి చెప్తాను.