పెట్టె పాడకూడదు

అందరికీ నమస్కారం. ఇంట్లో స్పీకర్లు చేసుకుందామనుకునేవాళ్ళు నన్ను మొదట అడిగేది "ఏ డ్రైవర్ కొనాలి?" అనే. డ్రైవర్ అంటే స్పీకర్‌లో శబ్దం పుట్టించే గుండ్రటి భాగం, అందులో ముందుకూ వెనక్కూ కదిలే గరాటే కోన్. ఏది కొనాలో చివర్లో చెబుతాను. ముందు పెట్టె చూద్దాం.

ఇదిగో, ఈ 6 అంగుళాల డ్రైవర్‌కి పెట్టె లేదు, ఉత్తదే. పాట పెడుతున్నాను. గొంతు వినిపిస్తోంది, డ్రమ్ మాత్రం అగ్గిపెట్టె మీద కొట్టినట్టుంది. ఇప్పుడు మధ్యలో రంధ్రం కోసిన ఈ పెద్ద అట్టను దీని మూతికి ఆనిస్తాను. డ్రమ్ వచ్చేసింది, విన్నారుగా! అట్ట కొత్తగా చేసిందేమీ లేదు. కోన్ ముందుకు తోసినప్పుడు ముందు గాలి నొక్కుకుంటుంది, అదే క్షణంలో వెనక గాలి పలచబడుతుంది. ఉత్త డ్రైవర్‌లో ఈ రెండూ అంచు చుట్టూ తిరిగి ఒకదాన్నొకటి మింగేస్తాయి. 50 హెర్ట్జ్ ధ్వని తరంగం పొడవు దాదాపు 7 మీటర్లు. దానికి 6 అంగుళాల అంచు ఏపాటి అడ్డు?

సరే, పెట్టెలో పెట్టి మూసేశాం. లోపల చిక్కుకున్న గాలి ఇప్పుడు స్ప్రింగ్‌లా పనిచేస్తుంది. ఎడ్గర్ విల్చర్ అనే అమెరికన్ ఆవిష్కర్త 1954లో ఏఆర్-1 స్పీకర్‌లో ఈ గాలి స్ప్రింగ్‌నే నమ్ముకుని, చిన్న పెట్టెలోంచి లోతైన బేస్ రాబట్టాడు. అలాగని ఎంత చిన్నదైనా పరవాలేదని కాదు. ఒక డ్రైవర్ రెజొనెన్స్ (కోన్ తనంతట తాను తేలిగ్గా ఊగే వేగం), అంటే ఎఫ్‌ఎస్, 40 హెర్ట్జ్, క్యూటీఎస్ (ఆ ఊపు ఎంత త్వరగా అణుగుతుందో చెప్పే అంకె) 0.4, వీఏఎస్ (కోన్‌ను పట్టి ఉంచే బిగువు ఎంత గాలి స్ప్రింగ్‌కు సమానమో) 30 లీటర్లు అనుకోండి. దానికి 14 లీటర్ల సీల్డ్ బాక్స్ కడితే రెజొనెన్స్ 70కి ఎక్కుతుంది, బేస్ బిగువుగా, శుభ్రంగా ఉంటుంది. ఏడు లీటర్లకు కుదిస్తే 90 దాటుతుంది, పైగా అక్కడ ఒక ఉబ్బు వచ్చి ప్రతి పాటా ఒకేలా గుమ్ గుమ్ అంటుంది.

గోడలు కూడా కంపిస్తాయి. 18 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ (చెక్క నార నొక్కి చేసిన పలక) వాడి, లోపల అడ్డపట్టీ వేయండి. మెటికలతో తడితే పొట్టిగా, మొద్దుగా "టక్" అనాలి. డోలులా మోగిందంటే అది కూడా మీ పాటలో గొంతు కలుపుతుంది.

నా మొదటి జత సంగతి చెప్పాలి. రెండు పెట్టెల మధ్య సోఫాలో కూర్చుంటే బేస్ మాయం, గది మూలకు వెళ్తే మళ్ళీ ప్రత్యక్షం. వారం రోజులు పెట్టెలు విప్పి దూది మార్చాను, జిగురు మార్చాను, ఇంట్లోవాళ్ళ ఓపిక పరీక్షించాను. తీరా చూస్తే ఒక వూఫర్‌కి, అంటే బేస్ పలికే పెద్ద డ్రైవర్‌కి, తీగలు తిరగేసి కలిపాను. ఇందాక ఉత్త డ్రైవర్ ముందూ వెనకా జరిగిన గొడవే, ఈసారి రెండు పెట్టెల మధ్య. అప్పటి నుంచి వూఫర్‌ని బిగించే ముందు 1.5 వోల్టుల పెన్ బ్యాటరీ ప్లస్ కొనను ఎర్ర టెర్మినల్‌కీ, మైనస్‌ను రెండో దానికీ అలా తాకించి తీసేస్తాను. కోన్ బయటికి ఎగిరితే సరైనదే. సన్నని స్వరాలు పలికే చిన్న డ్రైవర్, అంటే ట్వీటర్‌తో మాత్రం ఈ పని చేయకండి, సున్నితమైనది.

కింది స్వరాలను వూఫర్‌కీ, పై స్వరాలను ట్వీటర్‌కీ పంచే సర్క్యూట్ క్రాసోవర్; అది ఒక్కరోజులో అయ్యే పాఠం కాదు. మొదటిసారికి ఎవరో కొలిచి, పరీక్షించి ఇచ్చిన డిజైన్‌ను తు.చ. తప్పకుండా కట్టండి. కాయిల్, కెపాసిటర్ విలువలు ఆ డ్రైవర్లకూ ఆ పెట్టె వెడల్పుకూ కుదిర్చినవి. డ్రైవర్ మార్చేసి క్రాసోవర్ అదే ఉంచుతానంటే కుదరదు.

ఇక ఏ డ్రైవర్ అంటారా? ఇందాక చెప్పిన ఎఫ్‌ఎస్, క్యూటీఎస్, వీఏఎస్ మూడూ కాగితం మీద రాసి ఇచ్చినది. అవి లేకుండా వాట్లు మాత్రమే పెద్ద అక్షరాల్లో అచ్చేసినదాన్ని, మాగ్నెట్ ఎంత బరువున్నా, అక్కడే వదిలేసి రండి.