డిటెక్టివ్ నవలల పిచ్చి ఉన్నవాళ్లకు ఈ ఈ-రీడర్ పనికొస్తుందా?

నమస్తే అండీ. ముందే చెప్పేస్తున్నాను, ఈ-బుక్స్ చదువుకునే ఈ ఈ-రీడర్‌ను కంపెనీ వాళ్లే రివ్యూ కోసం పంపారు. డబ్బులేమీ ఇవ్వలేదు, వీడియో అయ్యాక తిరిగి పంపించేయాలి. స్క్రీన్ సైజు, బ్యాటరీ లెక్కలు మీరు ఈపాటికి చూసే ఉంటారు, వాటి జోలికి పోను. నేను చదివేది ఎక్కువగా డిటెక్టివ్ నవలలు. వాటికి ఇది ఎలా ఉందో చెప్తాను.

వాటిలోనూ తుపాకులు, కారు ఛేజింగులు నాకు పెద్దగా ఎక్కవు. క్లూలన్నీ కళ్లముందే పెట్టి, హంతకుణ్ణి మాత్రం చివరిదాకా దొరకనివ్వని రకం కావాలి. ఇంగ్లండ్ రచయిత రోనాల్డ్ నాక్స్ 1929లో ఈ కథలకు పది నియమాలు పెట్టాడు. నేరస్థుడు కథ మొదట్లోనే కనిపించాలన్నది మొదటిది. డిటెక్టివ్‌కు దొరికిన క్లూ వెంటనే పాఠకుడికీ చూపించాలన్నది ఇంకొకటి. ఇవి పాటించిన పుస్తకాన్ని నేను ఒకసారి చదివి వదలను. హంతకుడెవరో తెలిశాక మళ్లీ మొదటికి వెళ్లి, క్లూ ఎక్కడ దాచాడో వెతుకుతాను. అసలు మజా అక్కడే ఉంది.

అచ్చు పుస్తకమైతే 'ఎడమ పేజీలో, కింద' అని గుర్తుంటుంది. ఇందులో అక్షరాల సైజు మార్చామంటే ఆ గుర్తు పోయినట్టే. వెనక్కి తిప్పుతుంటే పేజీ మెల్లగా మారుతుంది, మధ్యమధ్యలో స్క్రీన్ నల్లగా మెరుస్తుంది. చిరాకే. కానీ సెర్చ్ ఉంది చూశారూ! ఇదిగో, ఈ ఇంగ్లిష్ నవలలో పనిమనిషి పేరు కొడుతున్నాను. ఆమె కనిపించిన ప్రతి చోటూ వరుసగా వచ్చేసింది. మొదటి అధ్యాయంలోనే ట్రే పట్టుకుని వచ్చింది, ఒక్కటే వాక్యం. చదివేటప్పుడు ఎవరు పట్టించుకుంటారండీ! ఈ ఫీచర్‌కు నేను ఫిదా.

ఇక తెలుగు. కొమ్మూరి సాంబశివరావు గారి నవలల్లో డిటెక్టివ్ యుగంధర్, అతని అసిస్టెంట్ రాజు... నాకీ పిచ్చి పట్టింది మా అమ్మ దాచుకున్న పాకెట్ బుక్స్ వల్లే. ఆ కాలం నవలలు ఇప్పుడు చాలావరకు స్కాన్ పీడీఎఫ్‌లుగానే దొరుకుతున్నాయి. స్కాన్ అంటే ఫొటో కదా, సెర్చ్ పనిచేయదు. అక్షరం పెద్దది చేస్తే సగం లైను స్క్రీన్ దాటిపోతుంది. దగ్గరగా చూడండి, 'హత్య'లో యవత్తు పక్క అక్షరంలో కలిసిపోయింది. మళ్లీ డీటీపీ చేసినవైనా, అంటే కంప్యూటర్‌లో కొత్తగా టైప్ చేసినవైనా, యూనికోడ్ (అన్ని మెషీన్లూ ఒకేలా గుర్తుపట్టే అక్షరాల పద్ధతి) కాని పాత ఫాంట్లలో ఉంటే, తెలుగులో పేరు కొట్టినా ఏమీ దొరకదు.

తప్పు మెషీన్‌ది కాదు, తెలుసు. ఇంగ్లిష్ మిస్టరీలు చదివేవాళ్లు కళ్లు మూసుకుని కొనేయొచ్చు. కానీ యుగంధర్‌ను హాయిగా చదవనివ్వని దానికి నేను పదికి ఐదు మించి ఇవ్వలేను. తెలుగు డిటెక్టివ్‌ల కోసమే అయితే ఆ డబ్బు పెట్టి పాత పుస్తకాల షాపుకి వెళ్లండి. పబ్లిషర్లు ఎవరైనా చూస్తుంటే ఒక్క మాట. ఆ నవలలను యూనికోడ్‌లో ఈ-బుక్స్‌గా తీసుకురండి, మొదటి కాపీ నేనే కొంటాను.