ఏభై వేల అడుగుల గాంధీజీ

నిర్వాహకురాలు: బరంపురం తెలుగు ప్రేక్షకులకు నమస్కారం. ఈ రోజు చర్చ గాంధీజీ డాక్యుమెంటరీ తీసిన ఎ.కె. చెట్టియార్ గురించి. మాస్టారూ, ఆయన తనే అంతా చిత్రీకరించారా?

మాస్టారు: లేదమ్మా, చాలావరకు ఏరి కూర్చారు. 1937 అక్టోబరు 2న ఆయన న్యూయార్క్ నుంచి డబ్లిన్ వెళ్లే ఓడలో ఉన్నారు. ఆ రోజు గాంధీజీ పుట్టినరోజు. ఆలోచన అక్కడే పుట్టింది. అప్పటికి ఆయనకు పాతికేళ్లు. ఎవరెవరో ఎప్పుడెప్పుడో తీసి ఉంచిన రీళ్ల కోసం దేశదేశాలు తిరిగారు. దక్షిణాఫ్రికా కూడా వెళ్లారు. ఊళ్లు తిరిగి తాళపత్రాలు సేకరించినవారిని తలచుకుంటాం కదా, ఈయనదీ అదే కోవ.

ఎడిటర్: అలా 50 వేల అడుగుల ఫిల్మ్ పోగైంది. చిత్రంలో నిలిచింది సుమారు 12 వేలు. 35 ఎం.ఎం. ఫిల్మ్ నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది. అంటే తొమ్మిది గంటలకు పైగా ఉన్నదాన్ని రెండుంబావు గంటలకు తేవాలి. అంత కష్టపడి తెచ్చుకున్న గాంధీజీని ఏడు గంటలపాటు వదులుకోవాలి! ఎడిటింగ్ బల్ల దగ్గర కూర్చునే నాకు ఆ బాధ తెలుసు.

మాస్టారు: 1940లో తమిళ వ్యాఖ్యానంతో విడుదలైంది, తర్వాత తెలుగులోనూ వచ్చింది. 1936లో మనం మద్రాసు నుంచి విడివడి ఒరిస్సాలో చేరినా, ఆ తెలుగు వ్యాఖ్యానం మనదే. 1921లో గాంధీజీ మన ఊరికి వచ్చారు కూడా.

నిర్వాహకురాలు: ఆ ప్రతులు ఇప్పుడున్నాయా?

ఎడిటర్: దశాబ్దాలపాటు కనిపించలేదు. చివరికి కుదించిన ఇంగ్లీషు ప్రతి ఒకటి అమెరికాలో దొరికింది. మా అమ్మమ్మగారింట్లో ట్రంకుపెట్టెలో ఒక 16 ఎం.ఎం. రీలు ఉండేది, తాతయ్య పెళ్లి ఊరేగింపు. పోయిన వేసవిలో డబ్బా మూత తీస్తే వెనిగర్ వాసన గుప్పుమంది. పొరకు పొర అతుక్కుపోయింది. లాగితే అప్పడంలా విరిగింది. నాలుగంగుళాలు మిగిలింది. వెలుతురుకు పట్టి చూస్తే ఒక తలపాగా, సన్నాయి పట్టుకున్న చెయ్యి. తాతయ్య లేరు.

మాస్టారు: ఎవరింట్లోనైనా రీళ్లుంటే ఎండలో పెట్టకండి. అతుక్కుంటే లాగకండి. ముందు ఈ ఎడిటరమ్మాయికి చూపించండి.

నిర్వాహకురాలు: ఆ ముక్క తెచ్చారా?

ఎడిటర్: తెచ్చాను, ఈ కవరులో ఉంది. మాస్టారూ, అంచులు మాత్రమే పట్టుకోండి.