మూడో ఏడు మానకండి
(పర్లాకిమిడిలో ఎన్‌సీసీ క్యాడెట్ల అభినందన సభలో చేసిన ప్రసంగం)

వేదిక మీది పెద్దలకు, ముందు వరుసల్లో యూనిఫాంలో కూర్చున్న పిల్లలకు, వెనక నిలబడి చూస్తున్న అమ్మానాన్నలకు నమస్కారం.

ఈ రోజు కొందరు పిల్లలకు ర్యాంకులు వేశాం. చేతి మీద ఒక పట్టీ ఉంటే లాన్స్ కార్పొరల్, రెండుంటే కార్పొరల్, మూడుంటే సార్జెంట్. అవి దాటి పైకి వెళ్తే జూనియర్ అండర్ ఆఫీసర్, సీనియర్ అండర్ ఆఫీసర్. చాలా ఏళ్ళు కాలేజీలో పాఠాలు చెబుతూ ఎన్‌సీసీ కూడా చూసుకున్నాను కాబట్టి నన్ను మాట్లాడమన్నారు.

ఇందాక ఒక తల్లి నన్ను అడిగారు. అమెరికాలో ఉన్న వాళ్ళ బంధువుల అబ్బాయికి బడిలో భుజం మీద రంగు తాడు ఇచ్చారట, మావాడి భుజం మీద ఉన్నది కూడా అలాంటిదేనా అని. కాదమ్మా. అక్కడి హైస్కూళ్ళలో 1916 చట్టంతో మొదలైన జేఆర్‌ఓటీసీ అనే శిక్షణ ఉంది. జెండా పట్టే జట్టులో చేరితే ఒక రంగు తాడు, డ్రిల్ జట్టులో చేరితే ఇంకో రంగు. ఏ రంగు దేనికన్నది చాలావరకు ఆయా బడుల్లోనే తేల్చుకుంటారు. అది కష్టపడి సంపాదించుకునే గుర్తు. మన ఎన్‌సీసీలో లాన్యార్డ్ అనే ఆ తాడు బెరే టోపీ, బెల్టు, బూట్లతో పాటు వచ్చే యూనిఫాంలో భాగం. నిన్న చేరినవాడికీ ఉంటుంది, సీనియర్‌కీ ఉంటుంది. సంపాదించుకోవాల్సింది ర్యాంకు. నాకు ఈ పద్ధతే నచ్చుతుంది. మొదటి రోజు నుంచీ పిల్లవాడికి నేనూ వీళ్ళలో ఒకణ్ణే అనిపిస్తుంది.

ర్యాంకు ఎవరికిస్తారు? డ్రిల్ బాగా చేసేవాడికి అని పిల్లలు అనుకుంటారు. డ్రిల్ చూస్తాం, పరేడ్‌కి క్రమం తప్పకుండా వస్తున్నాడా అని చూస్తాం. నేను మాత్రం అన్నిటికంటే ఎక్కువగా క్యాంపులో రాత్రి హాజరు దగ్గర చూసేవాణ్ణి. పదిరోజుల క్యాంపులో మూడో రోజుకి పిల్లలు అలిసిపోతారు. రాత్రి వరుసలో నిలబెట్టి 'గిన్తీ కర్', అంటే లెక్కపెట్టండి అంటే, ఒక అంకె తగ్గుతుంది. "ఇంకొకడేడీ?" అని అడిగితే "తెలీదు సార్" అనేవాళ్ళే ఎక్కువ. ఎవరో ఒకరు మాత్రం "కాలికి బొబ్బలెక్కాయి సార్, టెంట్‌లో పడుకోబెట్టాను, అన్నం కూడా తీసి ఉంచాను" అంటారు. ఆ పిల్లవాడి పేరు నేను రాసి పెట్టుకునేవాణ్ణి. వాడి సెల్యూట్ కాస్త వంకరగా ఉన్నా ఫరవాలేదు, సరిచెయ్యొచ్చు.

మన ఊళ్ళో ఇది ఇంకాస్త కష్టం. స్క్వాడ్‌లో తెలుగు పిల్లలు, ఒడియా పిల్లలు, గుమ్మ, సెరంగో కొండల నుంచి వచ్చే సవర పిల్లలు కలిసి నిలబడతారు. ఆజ్ఞలేమో హిందీలో. 'దహినే ముడ్', అంటే కుడికి తిరుగు అనగానే సగం మంది కుడికి, మిగతావాళ్ళు ఎడమకి తిరగడం మొదటి వారం మామూలే. అక్కడ గట్టిగా అరిచేవాడి వల్ల పని జరగదు. పక్కవాడి భాషలో నాలుగు మాటలు నేర్చుకుని, విరామంలో కూర్చుని చెప్పేవాడి వల్ల జరుగుతుంది. గిడుగు రామమూర్తి గారు 1880లో బడిపంతులుగా వచ్చింది ఈ ఊరికే. కొండల మీది సవరల కోసం ఆయన వాళ్ళ భాషే నేర్చుకున్నారు. సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని మరీ నేర్చుకున్నారు, బడులు పెట్టించారు. ఆ ఊరి పిల్లలం మనం. మన స్క్వాడ్ లీడర్‌కి సవరలో 'నీకు అర్థమైందా' అని అడగడం రావాలని నేను పట్టుబట్టేవాణ్ణి, ఇప్పుడూ అదే అడుగుతాను.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. గజపతి జిల్లాని ఎలా దెబ్బతీసిందో మీరందరూ చూశారు. చెట్లు రోడ్లకి అడ్డంగా పడ్డాయి, కరెంటు లేదు. మా క్యాడెట్లలో కొందరు ఎవరూ పిలవకుండానే యూనిఫాం వేసుకుని వచ్చి ముసలివాళ్ళ ఇళ్ళకి మంచినీళ్ళు మోశారు. వాళ్ళలో సార్జెంట్లూ ఉన్నారు, ఏ పట్టీ లేని మొదటి ఏడు పిల్లలూ ఉన్నారు. ఆ ఏడాది ర్యాంకుల జాబితా రాయడానికి నాకు ఎక్కువసేపు పట్టలేదు.

ఇక అమ్మానాన్నలతో ఒక మాట. అసలు ఇది చెప్పాలనే వచ్చాను.

ఎన్‌సీసీ పరీక్షలు పాసైతే హైస్కూల్లో 'ఏ' సర్టిఫికెట్, కాలేజీలో రెండేళ్ళకి 'బీ' సర్టిఫికెట్, మూడో ఏడు చివర 'సీ' సర్టిఫికెట్. మన దగ్గర బీ రాగానే చాలామంది మానేస్తున్నారు. డిగ్రీ ఆఖరి ఏడు కదా, పరీక్షల టెన్షన్, ఎన్‌సీసీ ఎందుకు అని ఇంట్లోనే ఆపేస్తున్నారు. అండర్ ఆఫీసర్ ర్యాంకు ఎక్కువగా వచ్చేది ఆ మూడో ఏడులోనే. సీ సర్టిఫికెట్‌లో కనీసం బీ గ్రేడు, డిగ్రీలో యాభై శాతం మార్కులు ఉంటే, సైన్యంలో ఆఫీసర్ కావడానికి రాసే సీడీఎస్ రాతపరీక్ష లేకుండానే, ఎన్‌సీసీ స్పెషల్ ఎంట్రీ అనే దారిలో ఆఫీసర్ కొలువుకి అర్జీ పెట్టుకోవచ్చు. ఎంపికైన అర్జీదారులు నేరుగా సైనికాధికారులని ఎంపిక చేసే ఎస్ఎస్‌బీ బోర్డు ఇంటర్వ్యూకి వెళ్తారు. సీట్లు తక్కువే, పోటీ ఎక్కువే. కానీ పెద్ద ఊళ్ళలో కోచింగ్‌కి డబ్బు కట్టలేని ఇంటి పిల్లలకి ఇది నిజంగా తెరిచి ఉన్న తలుపు. రెండేళ్ళు ఎండలో నిలబడి సంపాదించుకున్న ఆ అవకాశాన్ని మూడో ఏడు ఇంట్లోవాళ్ళే మూసేస్తుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది.

ఆడపిల్లల సంగతీ చెప్పాలి. పరేడ్‌కి పంపుతున్నారు, క్యాంపు అనేసరికి వద్దంటున్నారు. క్యాంపు చెయ్యకపోతే పరీక్షకే అర్హత పోతుంది. ఆడపిల్లల కోసం ఎన్‌సీసీలో విభాగం 1949లోనే పెట్టారు, ఇది కొత్త సంగతేం కాదు. ఆడపిల్లల క్యాంపులో వాళ్ళకి వేరే బస, మహిళా అధికారులు ఉంటారు. అనుమానం ఉంటే వెళ్ళే ముందు కాలేజీకి వచ్చి అన్నీ అడగండి, ఎవరూ తప్పుపట్టరు. జనవరిలో ఢిల్లీలో జరిగే రిపబ్లిక్ డే క్యాంపుకి వెళ్ళాలన్నా ముందు బెటాలియన్‌లో, తర్వాత గ్రూపులో, ఆపైన డైరెక్టరేట్ స్థాయిలో క్యాంపు వెంట క్యాంపు చేసి ఎంపిక కావాలి. మొదటి క్యాంపుకే పంపకపోతే ఆ పిల్ల ఎంత గట్టిదో ఎవరికి తెలుస్తుంది?

పిల్లలూ, ఈసారి సీ పరీక్ష రాసేవాళ్ళు మ్యాప్ రీడింగ్ దగ్గరే ఎక్కువగా మార్కులు పోగొట్టుకుంటున్నారు. ఆదివారం పరేడ్ అయ్యాక ప్రిస్మాటిక్ కంపాస్, ప్రొట్రాక్టర్ పట్టుకుని మా ఇంటికి రండి. బేరింగులు, గ్రిడ్ రిఫరెన్సులు మొదటి నుంచీ చెప్తాను. పుస్తకం లేకపోయినా ఫరవాలేదు, నా దగ్గర ఉంది.